ప్రవేశ పరీక్షలు: ప్రశ్నలలోని న్యాయాన్యాయములు

నేడు నేను మీకు మనవి చేయదలచిన విషయము ఉన్నత విద్యకొరకు జరుగు ప్రవేశ పరీక్షలను గూర్చినది. ఈ పరీక్షలలో పిల్లవాడు నెగ్గుట యెట్లో చెప్పువారు ఊరూరను గలరు. పరీక్షయే పిల్లవానియెడ న్యాయముగా నడచుకొన్నదా, లేదా యని విచారించువారు అరుదు. పిల్లవానిని పరీక్షించుటకు ముందు పరీక్షను పరీక్షింపవలయును. అట్లు పరీక్షించుటకు ఒక శాస్త్రము కలదు. దానిలోని ముఖ్యాంశములను తేటమాటలలో చెప్ప ప్రయత్నింతును.

ఈ విచారము మీకు దూరపుమాట గాదు. 1998వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము ననుసరించి నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము ఏర్పడెను. అది నేడు శామీర్‌పేటయందు నెలకొని యున్నది. 2008లో బిట్స్ పిలానీ వారి హైదరాబాదు విద్యాలయము జవహర్‌నగర్ చెంత, శామీర్‌పేట ప్రాంతమందే తెరవబడెను. దేశపు నాలుగు చెరగులనుండి విద్యార్థులు ఈ రెండు స్థలములకు వచ్చుచున్నారు. వారిని ఎన్నుకొనునది పరీక్షయే. రెండు మూడు గంటలలో ముగియు ఒక్క పరీక్ష. ఆ గోడ ప్రక్కనే సేద్యము చేసిన కుటుంబపు పిల్లవాడు ఆ పరీక్ష వ్రాసి, లోనికి పోలేక తిరిగి వచ్చిన, ఇంటిలోని వారందరును వానికి చదువబ్బలేదని తీర్పు చెప్పుదురు. ఒక్కొకప్పుడు ఆ తీర్పు సరియైనదే కావచ్చును. ఒక్కొకప్పుడు తప్పు వానిది గాక ప్రశ్నది కావచ్చును. ఈ రెండింటిని వేరుపరచుట యెట్లో తెలిసికొనుట మన కర్తవ్యము.

మొదట నల్సార్ ప్రవేశ పరీక్ష పుట్టుక చెప్పెదను. పూర్వము ఒక్కొక్క జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము తన పరీక్షను తానే జరుపుకొనుచుండెను. విద్యార్థి ప్రతి పరీక్షకును వేరువేరుగా రుసుము చెల్లించి, దూరప్రయాణములు చేయవలసి వచ్చెడిది. కలిగినవాడు పది పరీక్షలు వ్రాసెడివాడు. లేనివాడు ఒక్కదానితో తృప్తిపడెడివాడు. 2006లో ఈ విషయమై సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలయ్యెను. 2007 నవంబరులో ఏడు విశ్వవిద్యాలయములవారు ఒడంబడిక చేసికొనిరి. 2008 మే నెలలో మొదటి ఉమ్మడి పరీక్ష జరిగెను. దానికే క్లాట్ అని పేరు. మరుసటి యేడు ఆ పరీక్షను నడపు భారమును మన నల్సార్ వహించెను. ఇంటర్మీడియట్ ముగించినవారికి ఒక పత్రము, న్యాయపట్టము పొంది ఎల్.ఎల్.ఎం. చదువగోరువారికి వేరొక పత్రము కలవు. ఇప్పుడు రెండింటను 120 ప్రశ్నలు. కాలము రెండు గంటలు. అనగా ఒక ప్రశ్నకు ఒక్క నిమిషము. ఉమ్మడి పరీక్ష వచ్చుటచే రుసుముల బాధ, ప్రయాణముల బాధ తగ్గినవి. కాని పది తలుపులకు మారుగా ఒక్క తలుపే మిగులుటచే, ఆ తలుపు నిటారుగా నున్నదా యను విచారము పదింతలు ముఖ్యమైనది.

ఇక ప్రశ్న నిర్మాణమును చూతము. ఇట్టి పరీక్షలలో ప్రశ్న క్రింద నాలుగు జవాబులిచ్చి, ఒకదానిని గుర్తింపుమందురు. దీనికి మూడవయవములు. మొదటిది ప్రశ్నవాక్యము. రెండవది సరియైన జవాబు. మూడవది తక్కిన మూడు తప్పు జవాబులు. తప్పు వ్రాయుట తేలికయని మనమనుకొందుము. నిజమున కదియే మిక్కిలి కష్టమైన పని. తప్పు జవాబు తెలియనివానికి నిజమువలె తోపవలెను; తెలిసినవానిని తికమక పెట్టరాదు. మూడు జవాబులు పొట్టివై నాలుగవది పొడుగై, షరతులతో కూడియున్న, ఆ పొడుగుదియే సరియైనదని చదువకయే ఊహింపవచ్చును. ప్రశ్నవాక్యమునందలి మాటయే ఒక జవాబులో మరల కనబడిన, అదియును గుట్టు బయటపెట్టును. "సరికానిది కానిదేది" యని రెండుమారులు కాదనిన, విషయము తెలిసినవాడు సైతము పొరపడును. శిక్షణ కేంద్రములలో వేలకు వేలు రుసుము పుచ్చుకొని నేర్పు విద్యలో ఇట్టి గుట్టులను పట్టుట ఒక భాగము. కావున ప్రశ్న అజాగ్రత్తగా వ్రాయబడినకొలది, సమానముగ చదివిన ఇద్దరిలో శిక్షణకు డబ్బు గలవాడే ముందుకు పోవును.

ఊహించి వ్రాయుట విషయమున కూడ లెక్క యున్నది. 120 ప్రశ్నలకు కన్నులు మూసికొని గుర్తులు పెట్టిన, నాలుగింట ఒకటి చొప్పున సగటున 30 సరిపడును, 90 తప్పగును. తప్పునకు పావుమార్కు కోత గావున 22½ మార్కులు పోవును. మిగులునది 7½ మార్కులు. అనగా ఏమియు తెలియక గుర్తించినను సగటున కొంత లాభమే. నాలుగింట రెండు జవాబులు తప్పని తెలిసి, మిగిలిన రెండింట ఒకదానిని ఎన్నుకొనిన లాభము ఇంకను హెచ్చు. ఈ లెక్క తెలిసినవాడు ఏ ప్రశ్నను ఖాళీగా విడువడు. తప్పు వ్రాసిన మార్కు పోవునను భయముతో మన పల్లె పిల్లవాడు ఇరువది ప్రశ్నలు విడిచి వచ్చును. ఇద్దరి చదువును సమానమే. మార్కులు మాత్రము వేరు. ఇక్కడ పరీక్ష కొలిచినది చదువును గాదు, ఆటనియమముల ఎరుకను.

ప్రశ్న తాను కొలువదలచినదానినే కొలువవలెను, వేరొకదానిని కొలువరాదు. ఈ శాస్త్రమునకంతకు ఇదియే మూలసూత్రము. దీనిని తెలుపుటకు నేనొక ప్రశ్నను కల్పించి చెప్పెదను. తర్కశక్తిని కొలుచుటకై ఇట్లడిగినారనుకొనుడు: "బావికి మోట యెట్టిదో, చెరువునకు ఏది అట్టిది? కట్టయా, అలుగా, తూమా, శిఖమా?" శామీర్‌పేట చెరువును ఎరిగిన మీరు తూము అని తడవుకొనక చెప్పుదురు. మోట బావినీటిని పైరునకు దెచ్చును. తూము చెరువునీటిని పైరునకు విడుచును. అలుగు పొర్లించునది మిగులునీటిని. కట్ట నీటిని ఆపును. శిఖము నీట మునుగు భూమి. కాని నగరమున పదవ అంతస్తులో పుట్టి పెరిగిన బాలిక ఎంత తెలివిగలదైనను తూమునకును అలుగునకును భేద మెరుగదు. ఆమె ఓడిపోయినది తర్కమున గాదు. ఆ ప్రశ్న తర్కమును కొలువబోయి వ్యవసాయమును కొలిచినది.

ఈ ప్రశ్న మనకు అనుకూలము గావున మనకు నవ్వు వచ్చును. ఇదియే త్రాసు అటు మొగ్గిన నవ్వు రాదు. అమెరికాలో కళాశాల ప్రవేశమునకు సాట్ అను పరీక్ష 1926 నుండి కలదు. అందు పూర్వమొకప్పుడు వచ్చిన ప్రశ్న యొకటి పండితులలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. పరుగెత్తువానికి మారథాన్ ఎట్టిదో, పడవ తెడ్డు వేయువానికి ఏది అట్టిది యని దాని భావము. జవాబు రెగట్టా, అనగా పడవల పందెము. సంపన్నుల విలాసమైన ఆ పందెము పేరు పేదవాడ పిల్లలు ఎన్నడును వినియుండరు. ఇట్టి పోలిక ప్రశ్నలను 2005లో సాట్ నుండి తొలగించిరి. మన యువకులు అమెరికాలో ఎం.ఎస్. చదువుటకై వ్రాయు జీ.ఆర్.ఈ. పరీక్షనుండి కూడ 2011లో అవి తొలగిపోయెను.

న్యాయవిద్యకు సంబంధించిన మరియొక ఉదాహరణము కలదు. అమెరికాలో పట్టభద్రులు న్యాయ కళాశాలలలో చేరుటకు ఎల్‌శాట్ అను పరీక్ష 1948 నుండి జరుగుచున్నది. అందు ఆరేడుగురు మనుష్యులను కొన్ని షరతులకు లోబడి వరుసగా కూర్చుండబెట్టు చిక్కులెక్కలు ఉండెడివి. కాగితముమీద పటము గీసికొనినచో అవి త్వరగా తేలును. కన్నులు లేని విద్యార్థులు పటము గీయలేరు గదా. న్యాయవాదికి కావలసినది వివేచనముగాని పటలేఖనము గాదని వారు వాదించిరి. వారితో 2019లో రాజీ కుదిరెను. 2024 ఆగష్టు నుండి ఆ చిక్కులెక్కలు పరీక్షలో లేవు. గ్రుడ్డివారికి ప్రశ్నలు తేలిక చేయుమని వారడుగలేదు. అక్కరలేని అడ్డంకిని తీయుమని మాత్రమే అడిగిరి. న్యాయమునకును దయకును గల భేదము ఇచట స్పష్టముగా తెలియుచున్నది.

వంకర ప్రశ్నను కనిపెట్టుట యెట్లు? అందరికన్న ముందు లెక్క చెప్పును. పరీక్ష వ్రాసినవారిని మొత్తము మార్కుల వరుసలో నిలిపి, పైనుండి నూటికి 27 మందిని, క్రిందినుండి నూటికి 27 మందిని ఎన్నుకొందురు. ఈ పాలు లెక్కకు అనుకూలమైనదని 1939లో ట్రూమన్ కెల్లీ అను అమెరికా పండితుడు చూపెను. ఒక ప్రశ్నను పైవారిలో నూటికి 80 మంది, క్రిందివారిలో నూటికి 30 మంది సరిగా చెప్పినారనుకొనుడు. ఆ ప్రశ్న మంచిది. పైవారిలో 25 మంది, క్రిందివారిలో 45 మంది సరిగా చెప్పిన, అది అనుమానింపదగినది. తెలిసినవారు తప్పి తెలియనివారు నెగ్గుటకు కారణము తరచుగా రెండు విధములు: ప్రశ్నకర్త గుర్తించిన జవాబే తప్పగుట, లేదా రెండు జవాబులు సరియైనవగుట.

ఇది పక్షపాతమును పట్టుటకు చాలదు. పల్లెపిల్లలు పట్టణపు పిల్లలకన్న ఒక ప్రశ్నలో వెనుకబడినంతమాత్రాన ఆ ప్రశ్న అన్యాయమైనదని చెప్పరాదు. వారు ఆ విషయమును తక్కువ చదివియుండవచ్చును. సమానునితో సమానుని పోల్చినప్పుడే నిజము తేలును. మొత్తమున సమానమైన మార్కులు తెచ్చుకొన్న పల్లెవారిని నూరుమందిని, పట్టణమువారిని నూరుమందిని తీసికొనుడు. ఒక ప్రశ్నలో మాత్రము పట్టణమువారు 70 మంది, పల్లెవారు 40 మంది నెగ్గినచో, ఆ ప్రశ్నలో చదువుగాక వేరేదో కలదన్నమాట. మాంటెల్, హేన్‌జెల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1959లో రోగకారణములను విచారించుటకై ఇట్టి లెక్కను కనిపెట్టిరి. 1988లో హాలండ్, థేయర్ అను పరిశోధకులు దానిని పరీక్షల ప్రశ్నలకు అన్వయించి చూపిరి. లెక్క వ్రేలెత్తి చూపిన ప్రశ్నను పిమ్మట వేర్వేరు ప్రాంతముల పెద్దలు కూర్చుండి చదివి, లోపమున్న తీసివేయుదురు. లెక్క అనుమానమును చెప్పును. తీర్పు మనుష్యుడే చెప్పవలెను.

ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. వంకర త్రాసుతో తూచిన సరకును అదే త్రాసుతో మరల తూచిన వంకర బయటపడదు. ఇద్దరు సమానులని చెప్పునది ఆ పరీక్ష మొత్తమే గదా. పత్రమంతయు ఒకవైపునకు ఒరిగియున్న, ఏ యొక్క ప్రశ్నయు ప్రత్యేకముగ దోషిగా కనబడదు. క్లాట్ పరీక్ష ఇంగ్లీషున మాత్రమే జరుగుచున్నది. 2020 నుండి దానిలోని ప్రశ్నలన్నియు పెద్ద పెద్ద గద్యభాగములను చదివి జవాబు చెప్పవలసినవే. పరీక్షను దేశభాషలలో కూడ జరుపవలెనని కోరుచు 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేయబడెను. హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారము ఇంగ్లీషున జరుగుచుండగా న్యాయవాదికి ఇంగ్లీషు అక్కరలేదా యని మీరడుగవచ్చును. అక్కరయే. కాని ఐదేండ్ల చదువు ముగియునప్పటికి రావలసిన వేగము వాకిటనే ఉండవలెననుట న్యాయమా యనునదే ప్రశ్న.

తెలుగున పరీక్ష పెట్టుట సాధ్యమేయని చూపుటకు మన లాసెట్ సాక్ష్యము. మూడేండ్ల న్యాయవిద్యలో చేరగోరు పట్టభద్రులు వ్రాయు ఆ పరీక్షలో ప్రశ్నలు ఇంగ్లీషునను తెలుగునను ఉండును. ఐనను తర్జుమాతో అంతయు చక్కబడునని తలపరాదు. ఒప్పందముల చట్టములో కన్సిడరేషన్ అను మాట కలదు. వాడుకలో దానికి ఆలోచనయని అర్థము, చట్టములో వేరర్థము. తెలుగున "ప్రతిఫలము" అని వ్రాయగానే అర్థము వెల్లడియగును, ప్రశ్న తేలికయగును. ఎస్టాపెల్ అను మాటకు "విబంధము" అని వ్రాసిన, తెలుగువానికి ఇంగ్లీషు మాటయే నయమనిపించును. కావున ఒక భాషలో మంచిదైన ప్రశ్న రెండవ భాషలో మంచిదో కాదో మరల లెక్కవేసి చూడవలసినదే.

ప్రశ్న మంచిదైనను నిర్వహణములో అన్యాయము జరుగవచ్చును. 2018లో క్లాట్ పరీక్ష కంప్యూటర్లపై జరిగెను. పలుచోట్ల యంత్రములు నిలిచిపోయి విద్యార్థుల కాలము పోయెను. వ్యవహారము సుప్రీంకోర్టునకు చేరెను. ఒక్కొక్కడు పోగొట్టుకొన్న నిమిషములలో, తన వేగముచొప్పున ఎన్ని ప్రశ్నలకు జవాబు వ్రాసి యెన్ని మార్కులు తెచ్చుకొనియుండునో లెక్కగట్టి, అన్ని మార్కులు కలుపు పద్ధతిని కోర్టు ఆమోదించెను. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్షలో జవాబులే తప్పుగా గుర్తింపబడెనని విద్యార్థులు మొరపెట్టుకొనిరి. డిసెంబరు 20న ఢిల్లీ హైకోర్టు రెండు ప్రశ్నల విషయమున తప్పు కలదని తీర్పు చెప్పెను. 2025 మే 7న సుప్రీంకోర్టు తుదిగా మరికొన్ని ప్రశ్నలను కూడ విచారించి, ప్రశ్నలను అజాగ్రత్తగా కూర్చుచున్నందుకు ఖేదము వెలిబుచ్చెను. వేలకొలది విద్యార్థులు వ్రాయు పరీక్షలో ఒక్క మార్కు వందలాది స్థానముల తేడా తెచ్చును. ఆ తేడా ఒకరికి శామీర్‌పేట, మరొకరికి రెండువేల కిలోమీటర్ల దూరపు ఊరు, ఇంకొకరికి ఇల్లే కావచ్చును.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి పెద్దలు చేయదగిన పనులు కొన్ని కలవు. పరీక్ష తప్పిన పిల్లవానిని మందలించుటకు ముందు ప్రశ్నపత్రమును, నిర్వాహకులు వెలువరించిన జవాబులను ముందు పెట్టుకొని వానితో కూర్చుండుడు. మీకు ఇంగ్లీషు రాకున్నను, "ఈ ప్రశ్నలో తెలియనిది విషయమా, మాటా, చాలనిది కాలమా" యని వానిని అడుగవచ్చును. విషయము తెలియనిచోట చదువుమనుడు. మాట తెలియనిచోట ఇంగ్లీషు పత్రిక నొకదానిని దినమునకు ఒక పుటయైన చదివింపుడు. కాలము చాలనిచోట గడియారము పెట్టి సాధన చేయింపుడు. మందు రోగమునుబట్టి యుండవలెను.

రెండవది, పరీక్షయైన కొలదిదినములకు తాత్కాలికపు జవాబులు వెలువడును. వానిపై ఆక్షేపణ చెప్పుటకు గడువుండును; ఆ గడువు మిక్కిలి స్వల్పము. 2025 ప్రవేశములకైన ఎల్.ఎల్.ఎం. పరీక్షలో ఒక్కొక్క ఆక్షేపణకు వేయి రూపాయలు రుసుముండగా, అది హెచ్చని ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడెను. వేయి రూపాయలు లేక న్యాయమైన ఆక్షేపణ నోటనే నిలిచిపోవుట కంటె విచారకరమైనది లేదు. ఊరిలో నలుగురు పెద్దలు కలిసి, అధ్యాపకునిచేత చూపించి, బలమైన ఆక్షేపణకు ఆ రుసుము సమకూర్చుట గ్రామోపకారమే యగును. దేవాలయమునకు దీపము పెట్టినట్లే అదియు నొక దీపము.

మూడవది, పరీక్ష నడపువారిని మనము అడుగవలసినది కలదు. ఒక్కొక్క ప్రశ్నను పల్లెవారెందరు, పట్టణమువారెందరు, తెలుగు మాధ్యమమువారెందరు సరిగా చెప్పిరో లెక్కలను ప్రకటింపుడని అడుగుట మన హక్కు. చెరువునీటిని పంచుకొనునప్పుడు ఏ మడికి ఎంత పారినదో అందరియెదుట చెప్పుట మన ఊళ్ల మర్యాద. విద్యను పంచునప్పుడును ఆ మర్యాదయే చెల్లవలెను.

పరీక్షలు వలదని నేను చెప్పుటలేదు. సిఫారసుకన్న, వంశముకన్న, డబ్బుకన్న పరీక్ష మేలు. పరీక్షయే లేనినాడు పేదవాని పిల్ల ఆ వాకిటివరకైనను పోజాలదు. అందుచేతనే పరీక్షను నిటారుగా నిలుపుకొనవలయును. ప్రశ్న వ్రాయువాడు న్యాయాధిపతివంటివాడు. అతని కలము కదలినప్పుడు అతడెన్నడును చూడని ఇంటిలో ఒక తీర్పు వెలువడుచున్నది. ఆ తీర్పును చదువగలుగుట, తప్పైన తప్పని చెప్పగలుగుట, సరియైన తలవంచి మరల చదువుటకు పిల్లవానిని ప్రోత్సహించుట పెద్దల ధర్మము. మీ యూరి పిల్లలకు న్యాయమైన ప్రశ్నలును, వానికి తగిన జవాబులును లభించుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.